గోరింక పట్నం ప్రయాణం

తుమ్మచెట్టు తొర్రలో ఒక గోరింక ఉండేది. పట్నంలో ఉన్న దాని చెల్లెలు గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. వచ్చి చూసిపొమ్మని అక్కకు కబురు పంపింది. పట్నం వాతావరణాన్ని నమ్మకూడదని గోరింక ఎక్కడో విని ఉంది. అందుకని ఏ కాలంలో వెళ్తే మంచిదో ఆరా తీసింది.

పొద్దున్నే పట్నం మీదుగా వచ్చిన చిలుక, "అక్కడ ఎండ హాయిగా కాస్తోంది, ఇప్పుడే వెళ్లు వదినా" అంది.

ఇది నా తొర్ర మీద కన్నేసింది, అనుకుంది గోరింక.

మధ్యాహ్నం వచ్చిన పావురం, "అక్కడ ఒకటే వాన, వానాకాలం పోయాక వెళ్లు" అంది. సాయంత్రం వచ్చిన కొంగ, "చలికి వణికిపోయాను, ఎండాకాలం దాకా ఆగు" అంది.

ఒకే రోజు, ఒకే ఊరు, మూడు మాటలు. ముగ్గురూ కూడబలుక్కుని తనను ఆడిస్తున్నారని గోరింకకు తేలిపోయింది. ఇక తొర్ర వదలకుండా కాపలా కూర్చుంది.

కొన్నాళ్లకు ఒక లేత గోరింక వచ్చి పక్క కొమ్మ మీద వాలింది.

"పెద్దమ్మా, నేను నీ చెల్లెలి కూతుర్ని. నువ్వొస్తావని రోజూ ఎదురుచూశాం. మాకు రెక్కలొచ్చేశాయి, గూడు ఖాళీ అయింది. అందుకే నేనే నిన్ను చూసిపోదామని వచ్చాను."

"మీ ఊళ్లో ఏ కాలం మంచిదే?"

"మాకు అన్ని కాలాలూ ఒక్క రోజులోనే వస్తాయి పెద్దమ్మా. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం చలి. ఎప్పుడొచ్చినా ఒకటే."

గోరింక ఆ పిల్లను ముక్కు నుంచి తోక దాకా చూసింది. తొర్రకు ఇంకాస్త అడ్డంగా జరిగింది.

"నిజం చెప్పు" అంది. "నిన్ను ఆ చిలుకే పంపింది కదూ?"