ఎడంగా వేసిన కుర్చీ

ఆనందం ఇవ్వబోయిన నీళ్ల చెంబును అందుకోకుండా కొత్త కోచ్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఆడ పెట్టప్పా. నాకొద్దులే," అన్నాడు.

ఆనందం చెంబును నేల మీద పెట్టి, మిగతా ఆటగాళ్ల దగ్గరికి నడిచాడు. ఎండలో పరుగెత్తి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. కోచ్ తన సంచిలోంచి సొంత సీసా తీసి, అటు తిరిగి నీళ్లు తాగడం అతని కంటపడింది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన మరుసటి ఏడు అది. కడపలోని ఆ కాలేజీ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడానికి ఆదోని వైపు నుంచి బసవన్న వచ్చాడు. ఒకప్పుడు మద్రాసులో పేరున్న ఆటగాడని ప్రిన్సిపాల్ చెప్పాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడలో లింగాయతులు కట్టుకునే లింగకాయ. వచ్చిన రోజే బంతిని గదిలో పెట్టించి తాళం వేయించాడు. పోయినేడు కర్నూలు జట్టు చేతిలో ఎందుకు ఓడిపోయారని అడిగాడు. ఆట రాక కాదు, రెండో సగంలో ఊపిరి చాలక ఓడారని ఆయనే చెప్పాడు.

ఇక అప్పటినుంచి ఆట లేదు, పరుగే. పొద్దున్నే కొండ దాకా పోయి రావాలి. సాయంత్రం తాడాట, భుజాన ఇసుక మూటలతో గంతులు. పరుగెత్తుతూనే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మాట తెగిందంటే ఊపిరి చాలనట్టే లెక్క. ఇదేం బాస్కెట్‌బాలో తెలియక అందరూ తికమకపడ్డారు.

ఆయన మాత్రం ఒక్క అడుగు పరుగెత్తడు. ఈల కూడా ఊదడు, చప్పట్లు కొడతాడు. అందరికీ ఎడంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. గాలి మారితే కుర్చీ మారుస్తాడు. అదైనా దుమ్ము తప్పించుకోవడానికి కాదు, దుమ్మంతా తన మీద పడే వైపుకే మారుస్తాడు.

మిగతావాళ్లకు ఎలా ఉన్నా, ఆ ఎడం సంగతి తనకు తెలుసనుకున్నాడు ఆనందం. బద్వేలు దగ్గర పల్లెలో అతని తల్లి విశ్వాసమ్మ కూలికి పోతుంది. వాళ్ల ఊరి కాఫీ అంగడిలో వాళ్లకు గ్లాసులు వేరు. ఆదివారం ఏసు గుడిలో ముందు వరుసలో కూర్చునే ఆమె, సోమవారం రైతు వాకిట్లో దోసిలి పట్టి నీళ్లు తాగుతుంది. అది చూస్తూ పెరిగినవాడికి వేరే చెప్పాలా?

అయినా ఎక్కడో పొంతన కుదరలేదు. ఒకరోజు బసవన్న అతన్ని దూరంగా నిలబెట్టి, హాస్టల్లో ఏం తింటున్నాడని అడిగాడు. మరునాటినుంచి పాలామె వచ్చి ఆనందం పేరున గ్లాసెడు పాలు పోసి పోవడం మొదలుపెట్టింది. ఎవరు పోయమన్నారంటే కోచ్ సారని చెప్పింది. ఆ వారంలోనే జట్టుకు కెప్టెన్‌గా అతని పేరే ప్రకటించాడు. ముట్టుకోని మనిషి పాలెందుకు పోయిస్తున్నాడో, కెప్టెన్‌ను ఎందుకు చేశాడో ఆనందానికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

పుల్లయ్యతో చెప్పుకున్నాడు. పుల్లయ్య జట్టులో ఉన్న భూస్వాముల పిల్లవాడు, ఆనందానికి స్నేహితుడు.

"మా యమ్మ పంపిన కజ్జికాయలిస్తే నన్నూ ఆడ పెట్టమన్న్యాడు," అన్నాడు పుల్లయ్య. "ఆయప్పకు మడి శానా ఎక్కువేమోలే."

ఆ మాటతో కోపం ఎవరి మీద పడాలో కూడా తెలియకుండా పోయింది. కానీ పుల్లయ్యకు అది మడి. నవ్వి ఊరుకోగలడు. తను నవ్వలేడు.

ఒక పొద్దున కొండ దాకా పోయి మైదానంలోకి తిరిగి వస్తూ ఆనందం కాలు మడతపడి పడిపోయాడు. బసవన్న కుర్చీలోంచి లేచి గబగబా వచ్చాడు. వంగి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి సగంలో ఆగి వెనక్కి పోయింది. పుల్లయ్యను పిలిచి లేపమన్నాడు. ఆ చెయ్యి ఆగిన చోటే ఆనందం మనసు విరిగిపోయింది. జట్టులోంచి తప్పుకుంటానన్నాడు. కర్నూలు జట్టుతో పందెం అయ్యేదాకా ఓపిక పట్టమని పుల్లయ్య బతిమాలితే ఆగాడు.

పందెం దగ్గరపడ్డాక గానీ బసవన్న బంతి బయటికి తీయించలేదు. కర్నూలు పోయే బస్సులో వెనక కిటికీ పక్కన ఒక్కడే కూర్చున్నాడు.

ఆట మొదటి సగంలో కర్నూలు వాళ్లదే పైచేయి. రెండో సగానికి ఎండ ముదిరింది. వాళ్ల కాళ్లు బరువెక్కాయి, చేతులు నడుముల మీదికి పోయాయి. కడప పిల్లలు మాత్రం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ అప్పుడే ఆట మొదలైనట్టు పరుగెత్తారు. చివరి బాస్కెట్ ఆనందం వేశాడు. కడప గెలిచింది.

ఆ ఊపులో ఆనందం అన్నీ మరిచిపోయాడు. రెండు చేతులూ చాచి కోచ్ దగ్గరికి పరుగెత్తాడు. బసవన్న గబుక్కున వెనక్కి జరిగి, దూరంనుంచే చేతులు జోడించాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

ఆనందం చేతులు కిందికి వాలాయి.

"సార్, మేం మాల క్రైస్తవులమనే గదా మీరు నన్ను ముట్టుకోరు?" అని అడిగేశాడు. చుట్టూ గంతులేస్తున్న పిల్లలు ఇటు తిరిగారు.

బసవన్న ఆ మాట అర్థం కానట్టు అతన్నే చూశాడు. తర్వాత అర్థమై, పక్కనున్న గోడను ఆనుకున్నాడు.

"ఇన్నాళ్లూ అట్ల అనుకుంటాండావా ఆనందం?" అన్నాడు.

అందరినీ అవతలికి పొమ్మని బసవన్న సైగ చేశాడు. వాళ్లు పోయాక కూడా ఆయన దగ్గరికి రాలేదు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, అక్కణ్నుంచే నెమ్మదిగా చెప్పాడు.

"నాకు క్షయ ఉండాదప్పా."