తలుపుకు చెప్పాల్సిన పేరు

ఆసుపత్రి తలుపులన్నీ మాటలు నేర్చిన రోజుల్లో కూడా సత్తెమ్మ మొగుడి పేరు నోటితో అనలేదు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది. లోపలికి వెళ్ళాలంటే రోగి పేరు భార్యే పలకాలి, లేదా తలుపు పక్కనున్న మీటలు నొక్కి రాయాలి. అందుకే ఆయన్ని చేర్పించిన మర్నాడే వెళ్ళి కంప్యూటర్ క్లాసులో కూర్చుంది.

"ముందు మౌసు పట్టుకోవడం నేర్చుకో పెద్దమ్మా," అంది నేర్పే పిల్ల హైమ.

"అదంతా నాకెందుకమ్మా. ఆయన పేరొక్కటీ కొట్టడం నేర్పు, చాలు."

వేలు జారి ఒక అక్షరానికి ఇంకోటి పడేది. ఆయన పేరు చెరపాల్సి వచ్చినప్పుడల్లా చెంపలేసుకునేది. చివరికి ఓ ఉదయం తప్పు లేకుండా పడింది. తెరను తాకి కళ్ళకద్దుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

తలుపు పక్కన మీటలు లేవు. ఎవరూ వాడటం లేదని పీకేశారట.

"ఎవరి కోసం వచ్చారు?" అంది తలుపు.

"మా ఇంటాయన కోసమండి."

"ఆ పేరుతో రోగులెవరూ లేరండి."

పొద్దు వాలేదాకా అక్కడే నిలబడింది. ఆఖరికి కళ్ళు మూసుకుని, "గవర్రాజు," అంది.

"మధ్యాహ్నం దాకా ఉన్నారండి," అంటూ తలుపు తెరుచుకుంది.