మూడో నంబరు సీటు

ఆ రోజు కూడా మూడో నంబరు సీటు ఖాళీగా లేదు.

ఫ్రెంచి శాఖ ల్యాబులో ఎనిమిది సీట్లున్నా, పాత క్యాసెట్లు ఆడేది ఆ ఒక్క సీటు దగ్గరే. రోజూ రెండు కొట్టేసరికి ఒక ముసలావిడ వచ్చి అందులో కూర్చునేది. మెడ చుట్టూ బూడిదరంగు స్కార్ఫు, చెవులకి హెడ్‌ఫోన్లు. ఎప్పుడు చూసినా ఒకటో పాఠమే. అందులో ఏముంటుంది? నమస్కారం, బాగున్నారా, ఇవాళ ఎండగా ఉంది. అంతే. కళ్లు మూసుకుని, ఆ మాటలకి తగ్గట్టు పెదవులు కదిపేది. చప్పుడు మాత్రం బయటికి వచ్చేది కాదు.

విద్యార్థులు ఆవిడకి 'ఒకటో పాఠం బామ్మ' అని పేరు పెట్టారు.

"బామ్మ రెండో పాఠానికొచ్చేసరికి మనం రిటైరైపోతాం" అని నవ్వుకునేవారు.

వాళ్లలో ఒక దర్జీ కూతురికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఇంకో పన్నెండు రోజుల్లో ఆమెకి మౌఖిక పరీక్ష. నిరుడు మూడు మార్కుల్లో పోయింది. ఈసారీ పోతే ఇక ఇంటికే.

ఫ్రెంచి మాట్లాడేవాళ్లు ఒక్క దేశంలోనే లేరు కదా! ఎడారి అంచుల్లో ఉన్నారు, దీవుల్లో ఉన్నారు, మంచు కురిసే ఊళ్లలో ఉన్నారు. వాళ్ల కథల్లో ఒకటి పరీక్షకుడి ముందు చదివి, ఆ మనుషుల గురించి మాట్లాడాలి. ఆ కథలన్నీ పాత క్యాసెట్లలోనే ఉన్నాయి. పాఠాలైనా కథలైనా అన్నింట్లోనూ ఒకే ఆడగొంతు. దర్జీ కూతురికి ఆ గొంతంటే ప్రాణం. సముద్రంలోకి వెళ్లిన జాలరి తిరిగి రాని కథ చదివేటప్పుడు కూడా ఆ గొంతు ఏడ్చేది కాదు. వినేవాళ్లకే కళ్లు చెమర్చేవి.

"ఆ గొంతులో సగం వచ్చినా గట్టెక్కేస్తానమ్మా" అనేది తల్లితో.

"మన భాషలో చెబితేనే మాట వినవు, ఆ భాషలో ఏం వింటావే!" అని తల్లి దెప్పేది.

ఆ మధ్యాహ్నం దర్జీ కూతురు సీటు కోసం పక్కనే నిలబడి, కాగితం చూస్తూ చిన్నగా చదువుకుంటోంది. ముసలావిడ హెడ్‌ఫోన్లు తీసి కాసేపు విన్నది. సంచీలోంచి చీటీ తీసి ఏదో రాసి చేతికిచ్చింది.

"చివరి మాటకి తొందరపడకు. దానికి ముందు ఒక్క ఊపిరి ఆగు."

దర్జీ కూతురికి ఒళ్లు మండింది. నోరు విప్పి ఒక్క ముక్క పలకనావిడ తనకి చదవడం నేర్పుతుందా! తా దూర కంత లేదు, మెడకో డోలు.

"ముందు మీరు రెండో పాఠానికి రండి బామ్మగారూ, తర్వాత నాకు చెబుదురుగాని."

ముసలావిడ నొచ్చుకోలేదు. చిన్నగా నవ్వి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

దర్జీ కూతురు తిన్నగా అటెండరు దగ్గరికి వెళ్లింది. పాత అటెండరు సెలవులో ఉన్నాడు. అతని బదులు వచ్చినతను రూలంటే రూలే అనే మనిషి.

"ఆవిడ స్టూడెంటా అండీ?"

"కార్డయితే లేదు."

"మరి బయటివాళ్లని ఎలా రానిస్తారు? మా పరీక్షలేం కాను?"

"అదీ నిజమే. రేపట్నుంచి కార్డు లేనిదే లోపలికి రానివ్వను."

మర్నాడు రెండింటికి కొత్త అటెండరు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు. ముసలావిడ చీటీ తీసి రాయబోయింది.

"రాతలొద్దమ్మా, కార్డు చూపించండి."

ఆవిడ లోపలికి చూసింది. చూసింది దర్జీ కూతురిని కాదు, ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్లని. కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

సీటు దక్కింది. చీటీ మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. ఒకరోజు జాలరి కథ వింటుంటే దర్జీ కూతురికి తట్టింది. క్యాసెట్టులోని గొంతు కూడా చివరి మాటకి ముందు సరిగ్గా ఒక్క ఊపిరి ఆగుతోంది.

'బామ్మ కూడా ఇది వినే పట్టేసిందన్నమాట' అనుకుంది.

పరీక్షలో వచ్చింది జాలరి కథే. చివరి మాటకి ముందు ఆమె ఒక్క ఊపిరి ఆగింది. పరీక్షకుడు కలం కింద పెట్టేశాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"క్యాసెట్టు సార్."

"ఆ గొంతు ఎవరిదో కనుక్కుని, ఆవిడకి నా నమస్కారం చెప్పు."

ఫలితం తెలిసిన రోజు దర్జీ కూతురు ల్యాబుకి పరుగెత్తింది. పాత అటెండరు సెలవు నుంచి వచ్చేశాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గట్టెక్కాను బాబాయ్!"

"సంతోషం తల్లీ." అతను గుడ్డతో బల్ల తుడుస్తున్నాడు. "ఇక్కడికి స్కార్ఫు కట్టుకుని ఒక పెద్దావిడ వచ్చేవారే, నిన్న పోయారు. నేను లేనప్పుడు ఎవరో ఆవిణ్ణి రావద్దన్నారట."

"నేనే బాబాయ్, నేనే చెప్పి ఆపించాను" అంది. ఏడుపు ఆగలేదు.

అతను తల వంచుకుని బల్ల తుడుస్తూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

పోయినావిడకి ఎలాగూ క్షమాపణ చెప్పుకునే వీలు లేదు. పరీక్షకుడు అప్పగించిన నమస్కారమైనా క్యాసెట్లలోని ఆవిడకి అందించాలి.

"బాబాయ్, ఆ క్యాసెట్లలో చదివినావిడ ఎవరు? ఎక్కడుంటారో చెప్పండి. వెళ్లి ఒక్క దణ్ణం పెట్టుకుని వస్తాను."

బల్ల తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"ఒకప్పుడు ఇక్కడే పాఠాలు చెప్పేవారు తల్లీ. ఆపరేషనులో గొంతు తీసేశాక, 'నమస్కారం, బాగున్నారా' అని తను పలికిన మాటలు తనే వినడానికి, రోజూ రెండింటికి వచ్చి ఆ మూడో నంబరు సీట్లో కూర్చునేవారు."