వాల్వుల వరుస

షిల్లాంగ్, 14 అక్టోబరు 1996.

బొగ్గుల కుంపటి ముట్టించాను. నాలుగు దుప్పట్లు ఉతికాను. చర్చికి ఇచ్చేద్దామని మా ఆయన గిటార్ ఆంప్లిఫయర్ బాగుచేయించాను.

మూడేళ్ల క్రితం ఒక ఉదయం ఆయన దానికి కొత్త తీగ అతికించారు. సాయంత్రం స్విచ్చి వేయగానే లోపల్నుంచి పొగ వచ్చింది.

"మీ చేతులు వణుకుతున్నాయి. ఇక చాలు, వదిలెయ్యండి," అన్నాను.

ఆయన గిటార్‌ను పెట్టెలో పెట్టేశారు. ఆదివారం పాటలకు కూడా మళ్లీ తీయలేదు. ఈ మార్చిలో పోయారు.

మెకానిక్ షాన్‌బోర్ ఇవాళ ఆంప్లిఫయర్ వెనక పలక విప్పి, నేనిచ్చిన ఆకూ వక్కా నములుతూ చాలాసేపు చూశాడు.

"అక్కా, బావ తీగ భేషుగ్గా అతికించాడు! నేనైనా ఇంత బాగా చెయ్యలేను. బల్బుల్లాంటి ఈ రెండు గాజు వాల్వులే తారుమారయ్యాయి. కాళ్లు ఒకలాగే ఉంటాయి కదా, ఎందులో పెట్టినా దిగిపోతాయి. పెట్టినవాడెవడో గానీ, బుర్రలో గుజ్జు లేదు!"

ఆ రోజు ఆయన తీగ అతికించాక, మధ్యాహ్నం దుమ్ము తుడవడానికి వాటిని తీసింది నేనే. వంటింటి సీసాల్లాగా పొడుగును బట్టి వరుసగా తిరిగి పెట్టాను. ఆ మాట అతనికి చెప్పాను.

అతను నమలడం ఆపేశాడు.

"బావకి తెలుసా?"

"నాకే ఇప్పుడు తెలిసింది."

అతను కాలిపోయిన భాగం మార్చి, వాల్వులు సరిగ్గా పెట్టి స్విచ్చి వేశాడు. ఆంప్లిఫయర్ పలికింది. అతను తల ఎత్తకుండా పనిముట్లు సర్దుకున్నాడు. కూలి వద్దన్నాడు.

బలవంతాన అతని చేతిలో పెట్టాను. అతనికివ్వాల్సిన బాకీ అయితే తీరింది.