యాభై మూడో నిశాని

“మళ్లీ వెయ్యమ్మా, సరిగ్గా పడలేదు,” అన్నాడు గుమాస్తా భీమశంకరరావు.

జగ్గమ్మ బొటనవేలు మళ్లీ సిరాకు అద్ది రిజిస్టరులో నొక్కింది. మళ్లీ అలాగే పడింది. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లని గీత.

“అదంతే బాబూ. వరి కోస్తంటే కొడవలికి తెగింది. ఎన్నిసార్లేసినా ఆ గీత పడతాది.” అలవాటుగా వేలిని జుట్టుకు తుడుచుకుంది.

భీమశంకరరావు కలం కింద పెట్టేశాడు. “శ్రీకాకుళం వాళ్లా! మాది విజయనగరమమ్మా. పన్నెండేళ్లయింది ఈ ఢిల్లీలో పడి. కూర్చోండి, కూర్చోండి.”

రాష్ట్రపతి భవనం గేటు పక్కన అర్జీలు తీసుకునే గది అది. ఆమదాలవలసలో రైలెక్కిన నాలుగో రోజుకు జగ్గమ్మ అక్కడికి చేరింది. తమ్ముడు అప్పలసూరి వెంట వచ్చాడే గానీ గుమ్మం బయటే ఆగిపోయాడు.

“ఎండలో ఎందుకండీ, లోపలికి రండి,” అన్నాడు భీమశంకరరావు.

“నాను రాను బాబూ. అప్ప ఒక్కర్తీ ఇంత దూరం రాలేదని వచ్చాను. ఆడి కోసం నాను గుమ్మం తొక్కను. ఊళ్లో మొకం ఎత్తుకోలేకపోతన్నాను.” తువ్వాలు తల మీద వేసుకుని అప్పలసూరి గోడవారకు పోయాడు.

రైల్లో మూడు రోజులూ జగ్గమ్మ అదే పాట విన్నది.

కిటికీలోంచి భవనం కనిపిస్తోంది. ఎర్రరాయి, పైన పెద్ద గుమ్మటం, ముందు ఊరంత వాకిలి. భీమశంకరరావు అది తన తాతగారి ఇల్లయినట్టు చెప్పుకుపోయాడు. మూడు వందల పైచిలుకు గదులట. తెల్లదొరలు పదిహేడేళ్లు కట్టారట. తీరా చూస్తే అంతకాలం కూడా కాపురం చెయ్యలేదట.

“పదిహేడేళ్లా?” అంది జగ్గమ్మ. “మడిసిని పెంచడానికీ అంతే పడతాది. తీసెయ్యడానికే ఎంతోసేపు అక్కర్లేదు.”

అతని భవనం వర్ణన అక్కడితో ఆగిపోయింది. “కాగితం ఇవ్వండమ్మా,” అన్నాడు.

కొంగు ముడి విప్పి మడతలుపడ్డ అర్జీ తీసి ఇచ్చింది. శ్రీకాకుళం ప్లీడరు నరసింగరావు ఇంగ్లీషులో టైపు చేయించి ఇచ్చిన అర్జీ అది. అతను తెలుగు చేసుకుంటూ పైకి చదివాడు. శ్రీముఖలింగం దగ్గర పల్లె. చేలకు నీళ్లు కట్టే దగ్గర తగువు. దాలయ్య అనేవాడు ఎర్రన్న అనేవాణ్ణి పారతో కొట్టాడు. ఒక్క దెబ్బకే ఎర్రన్న పోయాడు. దాలయ్యకు ఉరిశిక్ష వేశారు, పై కోర్టూ ఖాయం చేసింది, గవర్నరుగారూ కాదన్నారు. ఉరి పై నెల పదకొండున. మిగిలింది ఈ గుమ్మం ఒక్కటే.

“జైలుకెళ్లి చూశారా వాణ్ణి?”

“రాజమండ్రి ఎళ్లాను బాబూ. అరగంట నిలబడ్డాను. తలెత్తి నా మొకం సూడలేకపోనాడు.”

“చూడలేడమ్మా. ఎలా చూస్తాడు?” భీమశంకరరావు గొంతు తగ్గించాడు. “మీకు పిల్లలు ఎంతమంది?”

“ఒక్కడే.”

“అయ్యో!”

అందరూ అలాగే అంటారు. ఆ మాట విన్నప్పుడు ఏడవాలి కాబోలు అనుకుంటుంది జగ్గమ్మ. ఏడుపు రాదు. రావడం మానేసి ఏడాదిన్నర అయింది. అన్నం తింటే ఉప్పో కారమో తెలియదు, ఎండలో నడిస్తే కాలు కాలదు. ఏమీ అనిపించకపోవడం ఒక్కటే ఆమెకు భయం.

“మరి ఈ తాయారు ఎవరు? పేరుంది ఇక్కడ.”

“దాలయ్య పెళ్లాం. తీర్పుకి ముందు ఆడు బెయిలు మీదున్నప్పుడు నిలిచిన కడుపు, ఏడో నెల. నా కాళ్లట్టుకొని వదల్లేదు. ఎంత లెగమన్నా లెగలేదు. ఆ కడుపులో బిడ్డ ఏటి సేసింది బాబూ? పుట్టకముందే తండ్రి లేకుండా సెయ్యాలేటి?” ఆ మాటలు కూడా పొడిగానే వచ్చాయి.

భీమశంకరరావు అర్జీ కింది వేలిముద్రల నిశానీలు లెక్కపెట్టాడు. ఊరందరివీ కలిపి యాభై రెండు. “మీ తమ్ముడిది లేదే?”

“ఆడు ఎయ్యనన్నాడు.”

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మన ఊరివాళ్లు కాబట్టి ఉన్నమాట చెబుతానమ్మా, ఏమీ అనుకోకండి. దీన్ని లోపలికి పంపడం వరకే నా పని. అక్కణ్నుంచి హోం శాఖకు పోయి, తిరిగి పెద్దాయన బల్ల మీదకు వస్తుంది. కానీ కన్నతల్లి తన బిడ్డను వదిలెయ్యమనడంలో వింతేముంది? అలాంటివి లోపల గుట్టలున్నాయి. ఆ చచ్చిపోయిన ఎర్రన్న తల్లి వచ్చి వదిలెయ్యమంటే, అప్పుడు చదివేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.”

“ప్లీడరుగారూ అదే అన్నారు బాబూ. ఆ ముద్దర ఒక్కటీ వంద ముద్దరల పెట్టన్నారు. ఉంది సూడండి. ఆకరి కాయితంలో.”

“ఆవిడ వేసిందా!” భీమశంకరరావు కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎలా ఒప్పుకుందమ్మా? ఏ తల్లికి మనసొస్తుంది?”

జగ్గమ్మ కిటికీ వైపు చూసింది. గోడవారన అప్పలసూరి మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

“మనసుతో పని ఏటుంది బాబూ? సెయ్యి ఉంది, ఏసింది. ఇంకో ఇల్లు కూలిపోతే ఆవిడకొచ్చేదేటి?”

భీమశంకరరావు ఆఖరి కాగితం తిప్పాడు. ఖాళీగా ఉన్న ఆ కాగితం అడుగున ఒకే ఒక్క నిశాని, యాభై మూడోది. పక్కన ప్లీడరు గుమాస్తా గుండ్రటి తెలుగు అక్షరాలు: ‘హతుడు ఎర్రన్న కన్నతల్లి నిశాని.’

ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లని గీత ఉంది.