కట్టిన కాలు ముందు

"నేను పరిగెత్తను. ఆ మనిషి కాలితో నా కాలు కలిపి కడతారా?" అంది అమ్మమ్మ, మైదానంలో సున్నంతో గీసిన గీత దగ్గర ఆగిపోయి.

డ్రిల్లు మాస్టారు చేతిలో గుడ్డపీలికతో అలాగే నిలబడిపోయారు. మిగతా ఎనిమిది జంటలూ అప్పటికే కాళ్ళు కట్టేసుకుని, పడిపోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుకుంటున్నారు. బడి ఆటలరోజు ఆఖరి పందెం అది. గోనెసంచుల్లో గెంతడం, చెంచాలో నిమ్మకాయతో నడవడం, నీళ్ళు నింపిన బుడగలు విసురుకోవడం పొద్దుటే అయిపోయాయి. మిగిలింది పిల్లల తరఫున వాళ్ళ తాతయ్యలూ, అమ్మమ్మలూ, నాయనమ్మలూ పరిగెత్తే మూడుకాళ్ళ పందెం ఒక్కటే.

"ఆ మనిషి" అనిపించుకున్న తాతయ్య మూడడుగుల అవతల నిలబడి మబ్బులు చూస్తున్నాడు. "నాకూ సరదా ఏం లేదు మాస్టారూ. పేర్లిచ్చింది మా మనవరాలు," అన్నాడు.

ఆయన పాపకి నాన్న తండ్రి. ఆవిడ అమ్మ తల్లి. ఏడాదిగా ఈ వియ్యాలవారిద్దరికీ మాటల్లేవు.

"నాకున్నది మీరిద్దరేగా!" అంది పాప. మూడో తరగతి. "మీరు పరిగెత్తకపోతే పసుపు జట్టుకి ఒక జంట తక్కువైపోతుంది. అందరూ నన్నే అంటారు."

పాప తల్లి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "అమ్మా, ఐదు నిమిషాల పని. మామయ్యగారూ, మీరైనా చెప్పండి."

"నేనేం చెప్పను? నేను వచ్చి నిలబడ్డానుగా," అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ మనవరాలి మొహం చూసి నిట్టూర్చింది. "సరే, పిల్ల కోసం. నా కుడి మోకాలు బాగోదు, ఎడమకాలు కట్టండి."

మాస్టారు ఆవిణ్ణి తాతయ్యకి కుడిపక్కన నిలబెట్టి పీలిక చుట్టారు. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న అమ్మమ్మకి ఆ ముడి నచ్చలేదు. "ఇది నాలుగడుగులకే ఊడుతుంది," అని విప్పేసి, తనే వంగి బిగించి కట్టింది. తర్వాత గీత పక్కన నిలబడ్డ పాపని పిలిచింది. "ఏమే, మీ తాతయ్యతో చెప్పు. కట్టిన కాలు ముందు వెయ్యాలి."

పాప నోరు తెరిచేలోపే తాతయ్య అన్నాడు, "వినిపించింది. దానికి మధ్యలో పిల్లెందుకు?"

ఈల మోగింది.

మొదటి అడుగుకే ఇద్దరూ చెరోవైపు తూలారు. అమ్మమ్మ ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కట్టిన కాలన్నానా!"

"అదే వేశాను. మీరే వెనక్కి లాగారు."

"ఒంటె నడకా ఈయనా..." అని నోట్లోనే సణుక్కుంది అమ్మమ్మ.

"ఒంటెకి ముడి బిగించింది మీరే," అన్నాడు తాతయ్య.

ఆవిడ ఉలిక్కిపడింది. పక్కన అంత గోలలో సణుగుడు కూడా విన్నాడే! వచ్చే నవ్వుని పెదవి కొరికి ఆపుకుంది. "లెక్క పెడతాను. ఒకటంటే కట్టింది. రెండంటే విడిగా ఉన్నది."

"పెట్టండి."

"ఒకటి... రెండు... ఒకటి... రెండు..."

తాతయ్య కార్ఖానాలో లేతు మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. ఒకసారి లయ అందితే వదలడు. చూస్తుండగానే ఇద్దరూ ఒక జంటని దాటారు, రెండో జంటనీ దాటారు. "పసుపు! పసుపు!" అని పాప గీత వెంబడే పరిగెత్తుతోంది. అమ్మమ్మ మోకాలి సంగతే మరిచిపోయింది.

ఇంకో పదడుగులుందనగా ఎడమవైపు నుంచి ఒక జంట అదుపు తప్పి వీళ్ళ మీదకి వచ్చింది. "జరగండి! జరగండి!" అని ఆ ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. తాతయ్య జరగలేదు. నలుగురూ కలిసి గడ్డిమీద పడ్డారు.

దెబ్బలేం తగల్లేదు. దులుపుకుని లేచి, కుంటుకుంటూ గీత దాటేసరికి ఆరో స్థానం వచ్చింది. అదే పదివేలన్నట్టు పాప ఇద్దరినీ చుట్టేసి, జట్టువాళ్ళకి చెప్పడానికి పరిగెత్తింది. పాప తల్లి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. పెద్దవాళ్ళిద్దరూ అలాగే, కాళ్ళకి ముడి విప్పకుండానే, బల్లమీద కూలబడ్డారు.

"అంతలా అరుస్తుంటే జరగరేం?" అంది అమ్మమ్మ, ఆయాసపడుతూ.

"ఎవరరిచారు?"

ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఏడాది కాలంలో ఆయన మొహంలోకి చూసి మాట్లాడటం అదే మొదలు.

"అన్నయ్యగారూ, అడిగేస్తున్నాను, ఏమీ అనుకోకండి. నేను నోట్లో సణుక్కున్నది కూడా విన్నారే, మరి పోయినేడు పాప పుట్టినరోజునాడు మీ పక్కనే కూర్చుని మూడుసార్లు పలకరించాను. గోడకి చెప్పుకున్నట్టయింది. నలుగురిలో తల కొట్టేసినట్టయి లేచి వెళ్ళిపోయాను. నేను చేసిన తప్పేమిటి?"

తాతయ్య తెల్లబోయాడు. "మీరు పలకరించారా? మాటా పలుకూ లేకుండా మూతి ముడుచుకుని లేచిపోయారని ఇన్నాళ్ళూ నేను బాధపడుతున్నాను." అంతలో ఏదో తట్టినట్టు ఆవిడ వైపు తిరిగాడు. "ఆవేళ నాకు ఎటుపక్కన కూర్చున్నారు?"

"ఎడమపక్కన. ఎటైతేనేం?"

ఆయన తల తిప్పి, కోడలు నీళ్ళ కుళాయి దగ్గరే ఉందని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"కోడలికి మాత్రం చెప్పకండి చెల్లెమ్మా, స్కూటరు తాళాలు లాగేసుకుంటుంది. నాకు ఆ ఎడమ చెవి వినబడక మూడేళ్ళయింది."