తెగని బేరం

"నూరంట. నూరు రింగిట్లంటే మన దుడ్లల్లో ఎంతో తెలుసునా నీకు?" అంటూ కేశవులు ట్యాక్సీ దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు.

హోటలు మెట్ల మీద కుంకుమ భరిణె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కన్యకమ్మకు ఒళ్లు మండింది. మలేషియా దాకా విమానంలో వచ్చి, మధ్యాహ్నం కొడుకు మోటారు సైకిల్ పందెం పెట్టుకుని, ఈ మనిషి ట్యాక్సీల దగ్గర బేరాలు మొదలుపెట్టాడు. రవికుమార్ పందెంలో దిగడం ఆమె ఇంతవరకూ కళ్లారా చూడలేదు. "అమ్మా, ఈసారి నువ్వొచ్చి బొట్టు పెడితేనే నేను హెల్మెట్ పెట్టుకునేది" అని వాడు ఫోన్లో గారాలు పోయాడు. ఆ మాట కోసమే ఆమె పాస్‌పోర్టు తీయించుకుంది.

"నూరైతే నూరు. వాని మొగాన కొట్టి పోదాం పా. పిల్లోడు బండెక్కే లోపల నేను ఆడుండల్ల."

"పోదాంలే. తొందరేముండాది" అన్నాడు కేశవులు, రోడ్డు వైపు చూస్తూ.

ధర్మవరంలో కేశవులు పట్టుచీరల కొట్టు ఎంత పేరుమోసిందో, ఆయన బేరం అంతకన్నా పేరుమోసింది. ఆయనకు వచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషు కూడా పుట్టపర్తికి వచ్చే తెల్లవాళ్లతో శాలువాల బేరాలాడి నేర్చుకున్నదే. రవి పుట్టేటప్పుడు నొప్పులతో ఆమె మెలికలు తిరుగుతుంటే, అనంతపురం ఆసుపత్రికి ఎంత తీసుకుంటావని జీపువాడితో వాదులాట పెట్టుకున్న మహానుభావుడు. ఆ ముచ్చట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు, ఆయన్ను మరిచిపోనివ్వలేదు.

ఈ దేశంలో దిగాక కూడా ఇద్దరికీ కలిపి ఒకటే సిమ్ము చాలన్నాడు. పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే ఆ ఫోను మోగింది. వరండాలోకి పోయి మాట్లాడి వచ్చి, "రవి జట్టోళ్లు. పాసులు గేటు కాడనే ఇస్తారంట" అన్నాడు. తర్వాత టిఫిను దగ్గర తను ఏమీ ముట్టకుండా, ఆమె చేత మాత్రం ఇంకొంచెం తిను, ఇంకొంచెం తిను అని దగ్గరుండి తినిపించాడు. దుడ్లు పెట్టి కొన్నది పారేస్తామా అని కాబోలు అనుకుంది ఆమె.

"ఫోన్లో పిలిస్తే ఒకటే రేటుకు కారొస్తాదని రవి చెప్పినాడు కదా. పిలువు."

"ఛార్జింగ్ అయిపోయిండాది" అని కేశవులు ఇంకో ట్యాక్సీ దగ్గరికి నడిచాడు.

అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు వినపడలేదు, వినపడినా అర్థం కాదు. చేతుల తిప్పులాట మాత్రం కనపడుతోంది. ఆ డ్రైవరు కుర్రాడు ఏదో విని, చటుక్కున ఆమె వైపు చూసి, తల దించుకున్నాడు. కన్యకమ్మకు సిగ్గుతో చెమటలు పట్టాయి. కొట్టు నిండా పట్టు పెట్టుకుని, పరాయి దేశంలో ఈ మనిషి బీద అరుపులు అరుస్తున్నాడు.

"ఏమన్నాడు?" అంది ఆయన తిరిగి రాగానే.

"యాభైకి వస్తానన్నాడు. నలభై అడిగితే దానికీ సరే అన్నాడు."

"మళ్లీ ఏమాయ?"

"ముప్పైకి అడిగినా."

ఇది ఆమె ఎరిగిన కేశవులు కాదు. ఎంత గీచి గీచి బేరమాడినా, తనడిగిన రేటుకు ఎదుటివాడు తలూపితే అక్కడితో ఆపేస్తాడు. ఆ మాట మీదే ఆయన వ్యాపారం నిలబడింది. ఈ రోజు మాత్రం ముడి పడిన బేరాన్ని తనే విప్పేస్తున్నాడు. బయట దేశానికొస్తే ఈ మనిషి బుద్ధి ఇంకా గడ్డి తింటోందని ఆమెకు ఏడుపొచ్చింది.

"నాకు ఈ జన్మలో నువ్వు చేసిన మేలేమీ లేదు" అంది. "ఈ ఒక్క పందెం చూడనియ్యి. బొట్టు పెట్టించుకోకుండా వాడు బండెక్కినాడంటే ఇంగ నీ మొగం చూడను."

తెల్ల టోపీ పెట్టుకున్న ముసలి డ్రైవరొకడు అప్పుడే కారాపితే, కేశవులు ఆ కిటికీలోకి వంగాడు. ఈసారి వేళ్లు చూపించడం లేదు, తల అడ్డంగా ఊపడం లేదు. రెండు మాటలేవో అన్నాడు, అంతే. ముసలాయన కారు దిగి వచ్చి, కేశవులు చేతిలోని నోట్లను మెల్లగా వెనక్కి తోసేసి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"దుడ్లు వద్దంటాండాడా?" కన్యకమ్మ నమ్మలేకపోయింది.

కేశవులు తలూపాడు.

అప్పుడు తట్టింది ఆమెకు. కొడుకు పందెం ఆడుతున్నాడని చెప్పి ఉంటాడు. మొగుడి మీద కోపం సగం దిగి, ఆ చోటంతా గర్వం నిండింది. కారు దగ్గరికి గబగబా నడిచి, వేలితో గుండె తట్టుకుని, రవి నేర్పిన రెండు ఇంగ్లీషు ముక్కలు ముసలాయనకు అప్పజెప్పింది. "మై సన్. రేస్."

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గుండె మీద చేయి వేసుకుని ఆమెకు తల వంచాడు. ఊరుకాని ఊళ్లో తన బిడ్డకు ఇంత మర్యాద ఉందా అని కన్యకమ్మ పొంగిపోయింది. కారెక్కి, కొంగు సర్దుకుని, భరిణె పదిలంగా పట్టుకుని చూస్తే కేశవులు ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

"ఊరికే తీసకపోతానంటాండాడు కదయ్యా. ఇంగ దేనికి బేరం? ఎక్కు."

కేశవులు ఎక్కలేదు. తలుపు పట్టుకుని, ఆమె కాళ్ల దగ్గర రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు.

"ఇంగ బేరమాడేకి ఏమీ మిగల్లేదే" అన్నాడు.

"ఏమైందయ్యా నీకు? ఆడ పిల్లోడు నాకోసం కాసుకోనుంటాడు."

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మన రవి పొద్దున్నే సచ్చిపోయినాడు, కన్యకా."